శనివారాల పారిస్

పారిస్‌లో ఇరవై వార్డులున్నాయి. ఒకటోది నడిమధ్యలో ఉంటుంది, మిగతావి జంతిక చుట్టినట్టు దాని చుట్టూ తిరుగుతూ బయటికి పోతాయి. ఏ వార్డులో కొట్టువాడికి ఎలా బోంజూర్ చెప్పాలో, ఏ సందులో మెట్లెక్కితే ఊరంతా కనిపిస్తుందో నేను చెప్పగలను. ఆ ఊరు మాత్రం నేను చూడలేదు. కెనడాలో, ఒషావా అనే ఊళ్ళో ఒక బేస్‌మెంట్ గదిలో ఉంటూ నేర్చుకున్న పారిస్ అది. నా రూమ్మేట్ స్వీటీ దీన్ని పిచ్చి అంటుంది. దానికేం, ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే పీఆర్ ఎప్పుడో వచ్చేసింది, ఏమైనా అంటుంది.

నాకు అప్పటికింకా రాలేదు. వర్క్ పర్మిట్ మే నెలతో అయిపోతుంది. దగ్గర్లోని ఏజాక్స్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో ఉద్యోగం, కాలేజీ డిప్లొమా, ఇంగ్లిష్ స్కోరు, అన్నీ కలిపినా పాయింట్లు చాలడం లేదు. ఫ్రెంచ్ వస్తే తక్కువ పాయింట్లకే పీఆర్‌కి పిలుస్తున్నారని తెలిశాక మనవాళ్ళంతా ఫ్రెంచ్ మీద పడ్డారు. ఇంటర్‌లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకున్న జాతి మాది, పాయింట్లొస్తాయంటే ఫ్రెంచ్ ఒక లెక్కా? బస్సులో, లాండ్రీలో, కాఫీ లైన్లో, ఎక్కడ చూసినా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మూతి సున్నాలా చుట్టి గొణుక్కునే తెలుగు పిల్లలే.

నేనూ ఒకటి రెండు ఆన్‌లైన్ క్లాసుల్లో చేరి మానేశాను. తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి నాకు ఇంకో మనిషెందుకు? అప్పుడు స్వీటీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ చూపించింది. 'యానాం మాస్టారు. తెలుగులో ఫ్రెంచ్ చెబుతారు. పారిస్‌లో నలభై ఏళ్ళ అనుభవం.' కింద నంబరు ప్లస్ ముప్పై మూడుతో మొదలైంది. ఫ్రాన్స్ నంబరు. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆయన పేరు విశ్వేశ్వరరావు గారు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది కదా, వాళ్ళు వెళ్ళిపోయాక కూడా వీళ్ళ నాన్నగారు ఫ్రెంచ్ పౌరుడిగానే ఉండిపోయారట. ఈయన మీసాలు సరిగ్గా రాని వయసులో పారిస్ చేరి, అక్కడే ఒక బ్యాంకులో గుమాస్తాగా రిటైరయ్యారు.

"నా క్లాసులో వీడియో ఉండదు తల్లీ. పుస్తకం కూడా ఉండదు," అన్నారు మొదటిసారి ఫోన్‌లో. "శనివారం పొద్దున్న ఎనిమిదింటికి చేస్తాను. బూట్లేసుకుని రెడీగా ఉండు. నడుస్తా మాట్లాడుకుందాం."

"నేను కూడా నడవాల్నా సార్?"

"మరి? నేనొక్కడినే నడిస్తే నాకు వచ్చిన భాష నాకే వస్తది. నువ్వెందుకు ఫీజు కట్టడం?"

అలా మొదలైంది. నేను ఒషావా వాగు పక్కన కాలిబాట మీద నడిచేదాన్ని. చెవిలో ఆయన పారిస్‌లో నడిచేవారు. బూట్ల చప్పుడు వినిపించేది, మెట్లెక్కుతుంటే ఆయాసం వినిపించేది. 'ఇదిగో, ఇప్పుడు మనం బెల్‌విల్‌లో ఉన్నాం' అనేవారు. పాపం, భోజనం చేసి పడుకునే వేళప్పుడు నా కోసం ఎండలో తిరుగుతున్నారని జాలిపడేదాన్ని. అక్కడ అప్పుడు మధ్యాహ్నం రెండు కదా.

"కార్తియే అంటే ఏం లేదమ్మా, పేట. మన యానాంలో పేటల్లేవూ? ఇదీ అంతే. పారిస్ అనే ఊరు లేదు తల్లీ, పేటలే ఉన్నాయి. ఏ పేటకి ఆ పేట ఒక ఊరు."

పదహారో వార్డులో ముసలమ్మలు పెదాలు విప్పకుండా బోంజూర్ అంటారట, బుల్లి కుక్కపిల్లలు కూడా మర్యాదగా మొరుగుతాయట. అదే బెల్‌విల్‌లో అయితే చైనా కొట్టువాడు, ట్యునీషియా రొట్టెలవాడు పోటీపడి గొంతెత్తి పిలుస్తారట. పదమూడో వార్డులో ఒక చిన్న గుట్ట, దాని మీద రాళ్ళు పరిచిన సందులు, పొట్టి ఇళ్ళు. అక్కడ నేలలోంచి ఊరే నీళ్ళ కోసం జనం ఇప్పటికీ సీసాలు పట్టుకుని వస్తారట. "నీళ్ళకాడ కబుర్లు పారిస్‌లో కూడా ఉంటాయమ్మా. లాటరీలు, కోడళ్ళు, మోకాళ్ళ నొప్పులు," అనేవారు. నేను ఆ మూడు మాటలూ ఫ్రెంచ్‌లో చెప్పాలి. తప్పు చెబితే గుట్ట దిగి మళ్ళీ ఎక్కాలి. అంటే ఆయన ఎక్కేవారు, నేను ఆయాసం వినేదాన్ని.

ఇవన్నీ ఆయన ఒంటరిగా తిరిగి కనిపెట్టినవి కావు. ఆయన భార్య ఈశ్వరమ్మ గారు కూరల కోసం తిప్పిన చోట్లు. పెళ్ళయి పారిస్ వచ్చిన కొత్తలో ఆవిడకి ఊరంతా ఒక్కటే వెతుకులాట. కరివేపాకు లా షాపెల్‌లో తమిళుల కొట్లలో దొరికింది. వినాయకుడి ఊరేగింపుకి ఆ వీధిలోనే కొబ్బరికాయలు గుట్టలు పోసి కొడతారట. సొరకాయ పదమూడో వార్డులో చైనావాళ్ళ దగ్గర దొరికింది. గోంగూర మాత్రం ఎక్కడా లేదు. ఒకరోజు షాతో రూజ్ అనే పేటలో మెట్రో దిగి, ఆఫ్రికావాళ్ళ సంతలో ఎండుచేపల వాసన వెంట పోతుంటే, రంగురంగుల గౌను వేసుకున్న ఒక పెద్దావిడ ముందు గోనెసంచి మీద గోంగూర కట్టలు కట్టలుగా కనిపించిందట.

"మా ఆవిడ అక్కడే చతికిలబడి ఏడ్చేసిందమ్మా. ఆ సెనెగల్ ఆవిడ కంగారుపడిపోయి, పాపం ఎవరో పోయారనుకుని ఈవిడ వీపు నిమురుతుంది. గోంగూర దొరికినందుకు ఏడుస్తుందని ఫ్రెంచ్‌లో ఎలా చెప్పాలో నాకు తెలవలేదు. చెప్పు చూద్దాం, ఎలా చెప్తావ్?"

"మా దిక్కు దాన్ని పుంటికూర అంటం సార్."

"ఏదన్నా అను గానీ ఫ్రెంచ్‌లో అను."

నాకూ చెప్పడం రాలేదు. ఆ వారమంతా అదే వాక్యం మీద పడి దొర్లాను. గోడౌన్‌లో లారీల టైములు రాసుకుంటూ కూడా షాతో రూజ్‌లోనే ఉన్నాను. మిర్యాలగూడలో మా అమ్మ పుంటికూర పచ్చడిలో ఉల్లిపాయ కొరుక్కుంటున్నట్టు, ఆ పక్కనే సెనెగల్ ఆవిడ కూర్చున్నట్టు ఒక కల కూడా వచ్చింది. ఎప్పుడూ చూడని ఊరి మీద ఇంత బెంగ ఎలా పుడుతుందో నాకు అర్థం కాలేదు. మా ఊరి మీద కూడా ఇంత బెంగ లేదు, నిజం చెప్పాలంటే.

"పీఆర్ రానీ తల్లీ," అన్నారు ఆయన ఒకరోజు. "షాతో రూజ్ మెట్రో మెట్ల నుంచి సంత దాకా నిన్ను నేనే నడిపిస్తాను. ఆ గోనెసంచి దగ్గరికి."

అప్పటినుంచీ నాకు పీఆర్ అంటే అదే. పర్మిట్ అయిపోయే మనిషి దేశం దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు. పారిస్ చూడాలంటే ముందు కెనడాలో వేళ్ళు దిగాలి. ఎంత తిరకాసో చూడండి. స్వీటీ ఇల్లు కొనడానికి పీఆర్ అడిగింది, నేను ఒక ముసలాయనతో కూరల సంతకి వెళ్ళడానికి అడుగుతున్నాను.

చలికాలం వచ్చాక ఆయన వెనకాల కొత్త చప్పుడొకటి వినిపించేది. ఒక సైరన్, రెండు స్వరాలతో ఎగుడుదిగుడుగా, దగ్గరికొచ్చి దూరమయ్యేది. ఏంటి సార్ అది అంటే "ఏదో బండిలే" అనేవారు. పారిస్ పోలీసులు కాబోలు అనుకున్నాను.

పీఆర్ కోసం రాయాల్సిన ఫ్రెంచ్ పరీక్ష టెఫ్. దానికి టొరంటోలో తేదీలు లేవు. అందరిలాగే నేనూ మాంట్రియల్‌లో దొరికిన తేదీ పట్టుకున్నాను. ఫిబ్రవరిలో, సోమవారం. చెప్పగానే ఆయన బూట్ల చప్పుడు ఆగిపోయింది.

"మాంట్రియలా? ఎక్కడుంటావు?"

"స్వీటీ ఫ్రెండ్ తేజశ్రీ ఉంది సార్, పార్క్ ఎక్స్‌టెన్షన్ అనే పేటలో. శుక్రవారమే పోతున్న."

బూట్ల చప్పుడు మళ్ళీ మెల్లగా మొదలైంది. తర్వాత, "మఫ్లర్ కట్టుకో. అక్కడ చలి ఎముకల్లోకి పోద్ది," అన్నారు.

శుక్రవారం రాత్రి బస్సు దిగి తేజశ్రీ ఇంటికి చేరాను. పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఎప్పటిలాగే బూట్లేసుకుని, ఆ ఊరి ఇళ్ళకు బయటవైపు ఉండే ఇనుప మెట్లు జాగ్రత్తగా దిగుతున్నాను. "ఇదిగో, ఇవాళ మళ్ళీ బెల్‌విల్," అంటున్నారు మాస్టారు. "కొండ మీద పార్కుకి ఎక్కుతున్నాం. ఏం కనిపిస్తుందో చెప్పు." నేను చెప్పబోయాను. అంతలో సైరన్ మోగింది.

చెవిలో మోగింది. వీధిలోనూ మోగింది. మలుపు తిరిగి ఒక లాగుడు బండి, నెత్తిన లైటు తిప్పుకుంటూ, మంచు ఎత్తడానికి అడ్డంగా ఉన్న కార్లు తీసేయమని అరుస్తూ మెల్లగా నా ముందు నుంచి పోయింది. ఒక చెవిలో, ఇంకో చెవిలో, అదే ఎగుడుదిగుడు. పోలీసులూ కాదు, పారిసూ కాదు.

"సార్," అన్నాను. "మీరెక్కడున్నరు?"

"బెల్‌విల్‌లో అమ్మా."

"సార్. మీరెక్కడున్నరు?"

నేను బండి వచ్చిన దిక్కుగా పరుగెత్తాను. మంచులో పరుగేమిటి, రెండుసార్లు కూలబడ్డాను. మలుపు అవతల, ఇంకా తెరవని చీరల కొట్టు ముందు, మంకీ క్యాప్ పెట్టుకుని, లావుపాటి కోటులో ఒక సన్నటి ముసలాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఫోన్ కిందికి దించాడు. నేను దించలేదు. ఎదురుగా నిలబడి ఫోన్‌లోనే అరిచాను.

"ఇన్ని రోజులు నాకు అబద్ధం చెప్పిన్రు!"

"పారిస్‌లో ఉన్నానని నేనెప్పుడన్నానమ్మా?" అన్నారాయన మెల్లగా. "ఇప్పుడు మనం బెల్‌విల్‌లో ఉన్నాం అన్నాను. ఉన్నాం కూడా."

ఒళ్ళు మండిపోయింది. తెలివి చూపించడానికి ఇదా సమయం? నంబరు పారిస్‌ది, కబుర్లు పారిస్‌వి, ఆయాసం కూడా పారిస్‌దే అనుకున్నాను. నా పిచ్చికి నాకే ఏడుపొచ్చింది. అక్కడే, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆయన ఏం చెయ్యాలో తెలియక, చేతిగుడ్డ తీసి మళ్ళీ జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి, చివరికి పక్కనే తెరిచి ఉన్న టీ కొట్టులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు.

ఈశ్వరమ్మ గారు పోయాక ఆయన్ని కూతురు రాధిక ఇక్కడికి తెచ్చేసుకుందట. పారిస్ ఫ్లాట్ అమ్మేశారు. అల్లుడు మంచివాడు, మనవడు ఇంగ్లిష్‌లో మాట్లాడతాడు, ఇల్లు వెచ్చగా ఉంటుంది. ఏ లోటూ లేదు.

"ఇదీ ఫ్రెంచ్ ఊరే కదా నాన్నా, నీకు బాగుంటది అంది మా అమ్మాయి. ఏం బాగు? కొట్టులో అడుగుపెడితే బోంజూర్-హాయ్ అంటారు. ఏదో ఒకటి అనొచ్చుగా! ఈ ఊరిని తప్పు పట్టట్లేదమ్మా. ఇది మంచి ఊరు. నా ఊరు కాదు, అంతే." టీలో చక్కెర కలుపుతూనే ఉన్నారు. "ఫోన్ నంబరు మార్చమన్నా మార్చలేదు. ఆవిడ పోయినప్పుడు అందరూ పలకరించిన నంబరు అది. శనివారం ఒక్కపూట, ఎవరో ఒకరు నాతోపాటు నడుస్తారని ఈ క్లాసులు పెట్టాను. మాంట్రియల్ ముసలాడంటే ఎవరు నడుస్తారు?"

"నేను నడుస్తుంటి కద సార్."

"తెలుసు. అందుకే, నువ్వు ఈ పేటకే వచ్చావని తెలిసి కూడా ఇంట్లో కూర్చోలేదు. ఎదురొస్తావేమోనని భయమేసింది. ఎదురు రావేమోనని కూడా."

కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే బాగుంటుంది కానీ తగ్గలేదు. ఆయన షాతో రూజ్‌కి తీసుకెళ్తానన్నారు. ఆ మాట పట్టుకుని నేను చలికాలమంతా ఈదాను. ఆ మాటైనా నిజమా అని అడగాలనిపించి, భయమేసి, టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

సోమవారం పరీక్ష. మాట్లాడే భాగంలో ఒక ప్రకటన చేతిలో పెట్టి, స్నేహితుణ్ణి ఒప్పించమంటారు. నాకొచ్చింది ఏమిటో తెలుసా? ఒక పాత నగరంలో పేటపేటా తిరిగే నడక యాత్ర. ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు రానని మొండికేసే స్నేహితుడి వేషం వేశాడు. ఎప్పుడో చూసిన ఊరు, మళ్ళీ ఎందుకన్నాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. ఆ ఊరు ఇప్పుడు మారిపోయిందిగా అన్నాడు.

నాకు ఆ మనిషి కనిపించలేదు. మంకీ క్యాప్ కనిపించింది. కొట్లు పోయినా సందులుంటాయి, రా అన్నాను. మెట్లెక్కలేకపోతే నా భుజం పట్టుకో అన్నాను. గోంగూర దొరికినందుకు ఏడ్చిన ఒకావిడ ఉంది, ఆవిడ కూర్చున్న రాళ్ళు ఇంకా అక్కడే ఉంటాయి, వాటి మీద నువ్వూ కాసేపు కూర్చో, తర్వాత తిరిగొచ్చేద్దాం అన్నాను. ఆ వాక్యం మొదటిసారి తప్పు లేకుండా వచ్చింది. పరీక్షకుడు కళ్ళజోడు సర్దుకుని, సరే, వస్తాను అన్నాడు.

మార్కులు బాగా వచ్చాయి. ఏప్రిల్‌లో పిలుపొచ్చింది. దరఖాస్తు వేశాను, పర్మిట్ గండం గడిచింది, ఆకులు రాలే వేళకి పీఆర్ చేతికొచ్చింది. స్వీటీ కేక్ కోయించింది. ఇన్ని నెలలూ మాస్టారికి ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు. శనివారాలు ఎనిమిదింటికి మెలకువ వచ్చేది, బూట్లేసుకుని వాగు దాకా వెళ్ళి, చెవిలో ఎవరూ లేక వెనక్కి వచ్చేదాన్ని. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు, ఆ ఖాళీ మాత్రం పోలేదు.

పీఆర్ వచ్చిన వారం ఆయనకి ఫోన్ చేశాను. లాప్‌టాప్‌లో పారిస్ టికెట్ల పేజీ తెరిచి పెట్టుకుని, ప్రయాణికులు ఇద్దరు అని నొక్కి, అప్పుడు చేశాను. ఫ్రాన్స్ నంబరే మోగింది.

"తల్లీ," అన్నారు. ఏమీ జరగనట్టే. తర్వాత గొంతు మారింది. "వచ్చిందా?"

"వచ్చింది సార్. మీరు ఇప్పుడు ఖాళీ ఉన్నరా? టికెట్లు చూస్తున్న. మనిద్దరికీ. షాతో రూజ్ మెట్రో మెట్ల కాడి నుంచి మీరే నడిపిస్తనన్నరు."

"నాకా? ఈ మోకాళ్ళతో?"

"నా భుజం పట్టుకోండి."

"అన్నీ మారిపోయుంటాయమ్మా."

"కొట్లు పోయినా సందులుంటయి సార్." పరీక్షలో చెప్పినవన్నీ చెప్పాను. ఫ్రెంచ్‌లో చెప్పాను, మళ్ళీ తెలుగులో చెప్పాను. ఆయన తప్పులు దిద్దలేదు. ఒకచోట నేను తప్పు మాట్లాడానని నాకే తెలిసింది, అయినా దిద్దలేదు. అంతా విని అన్నారు.

"నువ్వెళ్ళు తల్లీ. నీకా ఊరు బాకీ పడింది, వెళ్ళు. అన్ని పేటలూ తిరుగు. బెల్‌విల్ ఎక్కు. గుట్ట మీద నీళ్ళు తాగు. కానీ ఏం చూశావో నాకు చెప్పొద్దు. ఆ సంత ఉందో లేదో, ఆ గోనెసంచి కాడ ఎవరు కూర్చున్నారో, ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. లేదని తెలిస్తే శనివారాలు నేనెక్కడికి పోను?"

నేను ఏడవలేదు. సరే సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ పేజీ ముందే కూర్చుని, ఇద్దరు అని ఉన్నచోట ఒకరు అని మార్చి, డబ్బు కట్టేశాను. నాకు ఆ ఊరు కావాలి మరి, ఆయనకెంత కావాలో నాకూ అంతే కావాలి. ఈ డిసెంబర్‌లో వెళ్తున్నాను. షాతో రూజ్‌లో దిగుతాను, మెట్లెక్కుతాను, సంత దాకా నడుస్తాను. అక్కడ ఏం చూసినా ఆయనకి చెప్పకూడదు. ఆయనకి కాక ఇంకెవరికి చెప్పుకోవాలో నాకు తెలియదు.